ఐదు పూటలు

అక్కి రాసే తాతకే అక్కి వచ్చింది.

కాశీనగరంలో ఈ మాట
వంశధార దాటేలోపు నవ్వయిపోయింది.
నలభై ఏళ్లు ఊరి నడుములమీద
జేగురుతో సింహాలు గీసిన చెయ్యి,
మంత్రం గొణిగి ఉఫ్ఫని ఊదిన నోరు,
ఇప్పుడు చొక్కా అంచు తగిలితే చాలు
"ఒలమ్మో" అంటంది.

కుడి డొక్కకింద ఎర్రటి పట్టీ,
దానిమీద గుంపులుగా నీటిపొక్కులు,
సరిగ్గా పిసకని మట్టిలో లేచే బుడగల్లా.
వీపునుంచి బొడ్డువైపు పాకుతోంది.
"తలా తోకా కలిసిపోతే నానుండనే" అన్నాడు దండాసి తాత.
"కలవవులే. ఇది మధ్యగీత దాటదు."
మందుల షాపులో ఆరేళ్లు నిలబడ్డ కాళ్లు నావి,
ఆ మాత్రం తెలుసు.

"చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందట కదా,
అది పోలేదు తాతా.
వెన్ను పక్కన నరంలో ముడుచుకు పడుకుంది.
అరవై ఏళ్ల తరవాత లేచింది."
"అద్దె కట్టకుండానేటే?"
నొప్పిలోనూ అంతే మనిషి.

వీధిచివర సాహు గారింట్లో మిగిలిన బిళ్లలు
చిన్నాన్న చేతిరుమాల్లో కట్టి తెచ్చాడు.
"ఇదే మందంట. రోజుకి ఐదు పూటలు."
మనకి పూటలు మూడే కదా,
ఆ మిగతా రెండూ ఏ సూర్యుడిచ్చాడో అనుకుంటూ
తాత నోరు తెరిచాడు.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

మందు అదే. పేరు అదే. బలం అదే.
కాని తాత పుట్టింది ఉద్దానంలో.
ఆ నూతి నీళ్లే తాగి పెరిగాడు,
ఇద్దరు అన్నలు డయాలసిస్ మంచాలమీదే పోయారు.
నాకు గుర్తొచ్చింది
పోయిన వేసవిలో ఒకామె, కంచమ్మ,
కిడ్నీ సంగతి ఎవరూ అడక్కుండా ఐదేసి మింగి
మూడోనాడు మా షాపు మెట్లమీద కూచుని
లేని చీమల్ని కొంగులోంచి ఏరుతూనే ఉంది.
ఆ బిళ్లలు కట్టిచ్చిన చేతులు
నావే.

ఇది మూడో రోజు. రేపటికి ఆలస్యం.
స్కూటీమీద తాతని ఎక్కించి
గతుకు గతుక్కీ తిట్టించుకుంటూ
పర్లాకిమిడి ఆసుపత్రి.
పాణిగ్రాహి డాక్టరమ్మ పొక్కులు చూసింది,
వేసుకుంటున్న మందులన్నీ చెప్పమంది.
మోకాళ్లకని సంతలో కొన్న నొప్పి బిళ్లలు
తాత జేబులోంచి తీసి, పక్కన పెట్టేసింది.
రక్తం తీయించింది, సాయంత్రందాకా కూచోబెట్టింది.
కాగితం వచ్చాక ఒడియాలో ఏదో లెక్క కట్టి
తెలుగులో అంది:
"మీకు మూడు పూటలు చాలు. ఏడు రోజులు.
పొక్కులెండినా ఆపొద్దు.
నీళ్లు బాగా తాగండి.
ఒంటేలు తగ్గినా, మాట తడబడినా
అర్ధరాత్రయినా రండి."

చిన్నమ్మకి ఆరో నెల, ఆటలమ్మ ఎరగని ఒళ్లు.
అందుకని తాత మంచం ఆవం పక్కకి మారింది,
డొక్కమీద పలచని గుడ్డ కప్పాం.
నీళ్లకి కొలత తనే పెట్టుకున్నాడు,
తను చేసిన చిన్న ముంత, పూటకి రెండు.
నాలుగోనాటికి కొత్త పొక్కు లేదు.
"ఇంకేటికే ఇవి?" అన్నాడు.
నేను మాట్లాడలేదు. ముంత అందించాను.

నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు.
మచ్చ మిగిలినచోట రాత్రిళ్లు
ఎవరో నిప్పురవ్వ ఆనించినట్టు లేస్తాడు.
మందు చేసే పనికీ ఒక హద్దుంటుంది.
ఆ మాట చెప్పినప్పుడు
నామీద కోపం తెచ్చుకోలేదు, అదొక్కటే ఆశ్చర్యం.

ఇప్పటికీ అక్కి రాయించుకోడానికి వస్తారు.
సింహం గీస్తాడు, మానలేదు.
జేగురు పొక్కుకి తగలనివ్వడు, చుట్టూ గీస్తాడు,
గీసే ముందు అడుగుతాడు:
"ఎన్నో రోజు? మా గుంట షాపుకెళ్లావా?
ఆసుపత్రి కాయితమేదీ?"
కంటిపక్కన వచ్చినవాణ్ని
కుంచె ముట్టకుండానే ఆటో ఎక్కించాడట.

ఖాళీ బిళ్లల అట్టలు పారేయనివ్వలేదు.
నిన్న చక్రంమీది పచ్చికుండ మెడచుట్టూ
వాటిని ఒత్తుతూ కనిపించాడు.
ఇరవై ఒక్క గుంట.
ఒకటి కాస్త వంకరగా పడింది.
దిద్దబోయి, వదిలేశాడు.